మాటల్లేని ముప్ఫై అడుగులు

ఆ రోజుల్లో శామీర్‌పేట చుట్టుపక్కల ఎవరైనా చేతిలో ఏదో ఒకటి పట్టుకుని తిరిగితే చాలు, జనం అడిగే మొదటి మాట "గజం ఎంత పలుకుతాంది" అనే. తూంకుంట దగ్గరి మా ఊళ్లో నేనలా నెల రోజులు తిరిగాను. భూములు కొలవడానికి కాదు, విరేచనాలు కొలవడానికి. (ఎనిమిదిలో బడి మానేసినవాడికి ఇరవై ఏళ్లకు అంతకన్నా గౌరవమైన కొలువు ఎవరిస్తారు?) పట్నం నుంచి ఆరోగ్య సర్వేకు వచ్చిన మేడమ్ నా చేతిలో జీపీఎస్ యంత్రం పెట్టి, వాంతులు, విరేచనాలు అయిన ప్రతి ఇంటి ముందూ, ప్రతి బోరింగు ముందూ నిలబడి బొత్తాం నొక్కమంది. పైన ఆకాశం కనబడితేనే అది పనిచేసేది. అందుకని రెండు చేతులతో నెత్తి మీదికి ఎత్తి పట్టుకునేవాణ్ణి. చూసినవాళ్లు ఏదో మొక్కు అనుకున్నారు.

నెల తిరిగాక మేడమ్ ఊరి పటం తెచ్చి పరిచింది. రోగమొచ్చిన ఇళ్లు ఎర్ర చుక్కలు, బోరింగులు నీలం చుక్కలు. మా గల్లీ ఎర్రగా ఉంది. విచిత్రం ఏమిటంటే, మంచినీళ్లని తేలిన బోరింగు ఆ గల్లీలోనే ఉంది. మా వాళ్లు దాన్ని దాటుకుని ఊరవతల కోళ్ల ఫారం పక్కనున్న పాత బావికి పోయేవారు. (ఆ బావి నీళ్లు పరీక్షలో నాలాగే తప్పాయి.)

"బోరింగు ముప్ఫై అడుగుల్లో ఉంటే అంత దూరం ఎందుకు పోతున్నారు?" అంది మేడమ్.

"అడుగులల్ల దగ్గరే మేడమ్. మాటలల్ల మస్తు దూరం," అన్నాను. బోరింగు ఎవరి వాకిట్లో ఉంటే, వాళ్లతో మాటలున్నవాళ్లే అక్కడ బిందె దించుతారు మరి.

మేడమ్ నవ్వలేదు. పచ్చ స్కెచ్ పెన్ను ఇచ్చి, ఎవరికి ఎవరితో మాటల్లేవో గీతలు గీయమంది. నా జన్మలో అన్ని జవాబులూ తెలిసిన ప్రశ్నాపత్రం అదొక్కటే. గొర్రె మొక్కజొన్న మేసినందుకు ఒక గీత, పెళ్లిపత్రికలో పేరు కింద వేసినందుకు ఒక గీత. పావుగంటలో మా గల్లీ ఎర్ర చుక్కలన్నీ బోరింగున్న వాకిటి మీదికి గీతలు పంపాయి, ఒక్కటి తప్ప.

"ఈ ఇల్లెవరిది?"

"మాదే."

"మీకు ఎవరితోనూ గొడవ లేదా?"

"మేం మస్తు మంచోళ్లం మేడమ్."

"మరి జబ్బు ఎవరికి?"

మా అవ్వకు. ఆ ఎండాకాలం రెండుసార్లు సెలైన్ ఎక్కించారు, మూడోసారి పడితే తట్టుకోలేదని డాక్టరు నాయినతో అంటుంటే విన్నాను. మా ఇంటి గీత కూడా గీశాను.

బోరింగు మా చిన్నవ్వ వాకిట్లో ఉంది. చిన్నవ్వంటే అవ్వకు యారాలు, ఒకే ఇంట్లో కాపురం చేసిన తోడికోడలు. రెండేళ్ల కిందట మనవరాలి పెళ్లికి పిలవడానికొచ్చి, మా ఇంటికి తాళం ఉంటే గడపకు బొట్టు పెట్టి పోయింది. "పిలుపు గడపకే గదా, గడపనే పొమ్మను పెండ్లికి," అంది అవ్వ. గడపా పోలేదు, అవ్వా పోలేదు.

ఎవరి వాకిలీ కాని చోట ఇంకో బోరింగు వేయించాలని మేడమ్ పైకి రాసింది. అది పడేసరికి అవ్వ ఉంటుందో లేదో. ఆ సాయంత్రమే చిన్నవ్వ దగ్గరికి పోయి డాక్టరు మాట చెప్పాను. "నేనైతే పిలవ. ఆమెనే రావాలె," అని లోపలికి పోయింది.

తెల్లారి మా గడప దగ్గర నిండు బిందె ఉంది. "మేడమ్ పంపిందవ్వా," అన్నాను.

అవ్వ బిందె చుట్టూ చేత్తో తడిమింది. "మీ మేడమ్‌కు గీ సొట్టబిందె ఏడ దొరికింది రా? నేను యేసిన సొట్టనే గిది." రెండు చెంబులు తాగి, వట్టి బిందె పంపకూడదని నాతో అందులో నాలుగు మామిడికాయలు పెట్టించింది. మాటలు కలవడానికి ఇంకో ఏడాది పట్టింది, అందాకా బిందె మోసింది నేనే. మూడో సెలైన్ పెట్టే పని డాక్టరుకు పడలేదు.

ఇప్పుడు ఫోన్లో పటమే మాట్లాడుతోంది. సుచిత్ర చౌరస్తా నుంచి ఇంటికొస్తుంటే మా తమ్ముడి ఇంటి ముందు నుంచి పొమ్మని, అదే దగ్గర దారని రోజూ చెబుతుంది. మూడు నెలలుగా వాడితో మాటల్లేవు, నేను చుట్టూ తిరిగే వస్తున్నాను. ఎందుకని అడగదు పాపం, కొత్త దారి లెక్కగట్టుకుని నాతోపాటే వస్తుంది. నలభై దాటిన మనిషిని, నాకే నవ్వొస్తుంది. అయినా ఆ గల్లీలోకి బండి తిప్పను. నిన్న మాత్రం ఆ మలుపు దగ్గర కాసేపు ఆపాను.