ఇనుముకు పోసిన మంచినీళ్ళు

రంగు షెడ్డులో పని అంటే జనం రంగు వేయడమే అనుకుంటారు. రంగు వేసేది చిటికెలో పని. అసలు చాకిరీ అంతా దానికి ముందు ఇనుమును కడగడంలో ఉంటుంది. గేట్లు, కిటికీ గ్రిల్లులు, ఇనప మంచాలు, బీరువా తలుపులు, ఏది వచ్చినా ముందు దాని జిడ్డు వదలాలి, తుప్పు వదలాలి. నా బతుకు సగానికి పైగా ఈ కడుగుడులోనే పోయింది. మా షెడ్డు అనంతపురం దాటి గుత్తికి పోయే రోడ్డు పక్కన ఉంది. చుట్టూ కంపచెట్లు, నల్ల గుండ్లు. పైన రేకులు. ఎండాకాలం లోపల ఓవెన్ ఒకటి, బయట సూర్యుడు ఒకటి. మధ్యలో మేము.

తొట్ల దగ్గర మేస్త్రీని నేను. నా భార్య కూడా అక్కడే పని. ఇనుమును కొక్కేనికి తగిలించి తొట్లో ముంచడం, తీయడం ఆమె పని. మొదటి తొట్లో సోడా నీళ్ళు, రెండో దాంట్లో ఆసిడ్, తర్వాత బోరు నీళ్ళు, ఆ తర్వాత కింద మంట పెట్టిన వేడి మందు తొట్టి. ఆ వేడి మందులో మునిగితే ఇనుము మీద బూడిదరంగు పొర ఒకటి పడుతుంది. ఆ పొర ఉంటేనే పౌడర్ రంగు పట్టుకుంటుంది. తర్వాత మళ్ళీ నీళ్ళు, ఆరబెట్టడం, గన్నుతో పౌడర్ కొట్టడం, ఓవెన్‌లోకి తోయడం. ఇంతే కథ.

ఆసిడ్ తొట్టి నుంచి లేచే పొగ తెల్లగా, పలచగా ఉంటుంది. చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది. ఆ పొగ పీల్చి పీల్చి నా భార్యకు దగ్గు పట్టుకుంది. నాలుగేళ్ళుగా అదే దగ్గు. నవ్వితే దగ్గు, అన్నం తింటే దగ్గు, మెట్లెక్కితే దగ్గు. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ ఊపిరితిత్తుల ఫోటో చూసి, "ఆ పొగ దగ్గరికి పోవద్దమ్మా, ఇంకొన్నేళ్ళు పీలిస్తే నా చేతిలో ఉండదు" అంది. బయటికొచ్చాక నా భార్య, "పోకుంటే యాడికి పోవల్ల?" అంది. బస్సెక్కి ఇంటికొచ్చాం.

అట్లాంటి రోజుల్లో బెంగళూరు నుంచి ఒక మందులాయన వచ్చాడు. సగం కన్నడం, సగం తెలుగు. రెండు క్యాన్లు తెచ్చి మా ఓనరు ముందు పెట్టాడు. ఒకటి ఆసిడ్ లేకుండానే తుప్పు వదలగొట్టేది, ఇంకొకటి మంట లేకుండానే పొర పట్టించేది. కొత్తగా కనిపెట్టారట. రెండూ చల్లటి తొట్లేనట. పొగ రాదు, వాసన రాదు, అడుగున బురద పేరుకోదు. మాకు నమ్మకం కుదరాలని మందు తొట్లో మోచేతి దాకా చెయ్యి పెట్టి చూపించాడు.

కొత్తది అంటేనే నాకు ఒళ్ళుమంట. బ్రష్షు పోయి స్ప్రే వచ్చినప్పుడూ, స్ప్రే పోయి పౌడర్ వచ్చినప్పుడూ ఇంక మీకు కష్టం లేదనే చెప్పారు. కష్టం యాడికీ పోలేదు, ఒక మూల నుంచి ఇంకో మూలకు జరిగింది, అంతే. అందుకే అడిగాను.

"పొర పడిందని ఎట్ల తెలుస్తాది?"

"కంటికి కనపడదు. అంత పలచగా ఉంటుంది" అన్నాడు.

"కనపడనిదాన్ని నమ్ముకోని పని చెయ్యల్లనా? బలే చెప్తావే!"

ఆయన నవ్వి, ఒకే ఒక్క షరతు చెప్పాడు. పొర పట్టించేముందూ, పట్టించాక కూడా ఫిల్టర్ నీళ్ళతోనే కడగాలి. బోరు నీళ్ళు తగిలితే ఆ నీళ్ళలోని ఉప్పు ఇనుము మీదే ఉండిపోయి, నెల తిరక్కుండానే రంగు కింద పొక్కులు లేస్తాయి. పెన్నులాంటి చిన్న మీటరు నా చేతిలో పెట్టి, రోజూ ఆ నీళ్ళలో ముంచి అంకె చూడమన్నాడు. అంకె పెరిగితే నీళ్ళలో ఉప్పు చేరినట్టట. ఓనరు ఫిల్టర్ మిషను తెప్పించాడు. ఆసిడ్ డ్రమ్ములు బయటికి పోయాయి.

నిజం చెప్పొద్దూ, ఆ రెండు నెలలు మా ఇంట్లో పండగలాగే ఉంది. మొదటి వారం దగ్గు తగ్గలేదు. రెండో వారం సగమైంది. ఒకరోజు షెడ్డులో నేను కాలుజారి సబ్బు నీళ్ళలో కూలబడితే, నా భార్య పొట్ట పట్టుకొని నవ్వింది. నవ్వి నవ్వి ఆగింది. దగ్గు రాలేదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆ తర్వాత పుట్టపర్తి నుంచి ఫోనొచ్చింది. అక్కడొక లాడ్జికి మంచాలు చేసి పంపాం. రోజూ గదులు తుడుస్తారు కదా, ఆ తడికి మంచం కాళ్ళు పొక్కులెత్తాయట. ఓనరు ఒక మంచం తెప్పించి నా ముందు పెట్టి గోరుతో గీకాడు. రంగు పెచ్చులుగా ఊడొచ్చింది. కింద ఎర్రగా తుప్పు.

"ఏంది మేస్త్రీ ఇది? సోమవారం బెంగళూరాయన వస్తాండాడు. తప్పు మందుదా, మనదా, అంతలోపల నువ్వు తేల్చి చెప్పల్ల. మందుదైతే వాపసిస్తా. మనోళ్ళు ఎవరన్నా చేసింటే వాళ్ళు ఇంక షెడ్డు గడప తొక్కేది లేదు" అన్నాడు.

ఆ రోజు సాయంత్రం ఇంటికి పోయి నీళ్ళు అడిగాను. నా భార్య చెంబు ఇచ్చింది. తాగుతుంటే చెంబు అడుగు తేటగా కనిపించి ఏదో తట్టింది. మా వీధిలో నీళ్ళ ప్లాంటు చెడిపోయి మూతబడి అప్పటికి నెల దాటింది. కొళాయి నీళ్ళు తెల్లమడ్డి పట్టి ఉంటాయి, ఇంత తేటగా ఉండవు. మరి ఇంట్లో ఇన్ని మంచినీళ్ళు ఎక్కడివి?

"యాడివి ఈ నీళ్ళు?"

అడిగినకొద్దీ ఆమె పొయ్యివైపు తిరిగింది. మూడోసారి గట్టిగా అడిగితే చెప్పింది. పొద్దున ఫిల్టర్ నీళ్ళు తొట్లోకి పట్టేటప్పుడు రెండు క్యాన్లు పక్కకు తీస్తోంది. తగ్గినంత మేర బోరు నీళ్ళు పోసి, ఆ క్యాన్లు నేను చూడనప్పుడు ఇంటికి చేరుస్తోంది. నెలకు పైగా ఇదే.

"నీకేమన్నా తిక్కనా? దాన్ని ముట్టుకోవద్దని చెప్పినారు గదే!"

"చెప్పినారు. ఇనుముకు మంచినీళ్ళు, మనకు ఉప్పునీళ్ళా? ఆ నీళ్ళకే గదా మన వీధిలో అందరి మోకాళ్ళూ పట్టేసిండేది! తొట్లో కడిగి మోరీలో పారబోసేదానికి అన్ని నీళ్ళు పడితే, నేను రెండు క్యాన్లు తీసుకుంటే తప్పొచ్చిందా?"

నాకు కోపం వచ్చింది. కానీ మా ఊళ్ళల్లో నీళ్ళు పారబోసిన వాళ్ళను తిడతారు తప్ప, తెచ్చుకున్న వాళ్ళను తిట్టరు. చిన్నప్పుడు ఒంటికి పోసుకున్న నీళ్ళు గంగాళంలో పట్టి బర్రెలకు పెట్టినవాళ్ళం. తేట నీళ్ళు కళ్ళముందే మోరీలోకి పోతుంటే ఆమె చెయ్యి ఆగలేదు. దాన్ని దొంగతనం అని ఎట్లా అనాలో నాకు తెలియలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. దాచి ఏం లాభం? ఆ మీటరు పెన్ను దాదాపు రెండు నెలలుగా నా చొక్కా జేబులోనే ఉంది. మొదటి వారం ముంచి చూశాను, ఆ తర్వాత వదిలేశాను. తొట్లో వేలు ముంచి నాలుకకు రాసుకోవడం నా పాత అలవాటు. ఆసిడ్ కడిగిన నీళ్ళను కూడా నేను అట్లాగే పరీక్ష చేసేవాణ్ణి. ఇన్నేళ్ళ మేస్త్రీకి పెన్ను కావాల్నా అని నా పొగరు. కానీ పుట్టినప్పటి నుంచి ఉప్పు నీళ్ళే తాగిన నాలుక నాది. దానికి బోరు నీళ్ళు కూడా తియ్యగానే ఉంటాయి. మరుసటి పొద్దున పెన్ను ముంచి చూస్తే అంకె పరుగెత్తింది. మళ్ళీ నాలుకకు రాసుకున్నాను. బాగానే ఉన్నాయనిపించింది. సిగ్గుతో చచ్చాను.

సోమవారం అందరికంటే ముందు షెడ్డుకు పోయి, ఆ తొట్టి వంచి, కడిగి, మళ్ళీ ఫిల్టర్ నీళ్ళతో నింపాను. బెంగళూరాయన వచ్చి నీళ్ళలో మీటరు ముంచాడు. అంకె సరిగ్గా ఉంది. నావైపు తిరిగి, "రోజూ చూసినారా?" అని అడిగాడు.

"దినామూ చూసినా."

"బోరు నీళ్ళు ఎవరూ కలపలేదా?"

"మా కళ్ళముందర ఎవరు కలుపుతారు సార్? మా పక్క ఇనుముకు మీ మందు పడేట్టు లేదు."

ఆయన మీటరు తుడుచుకుంటూ నన్నే చూశాడు. అబద్ధమని ఆయనకు తెలుసనే నా అనుమానం. గొడవ పెట్టుకోలేదు. క్యాన్లు వ్యానులో వేసుకొని వెళ్ళిపోయాడు. ఓనరు నా భుజం తట్టి, "పాతదే మేలప్పా, నువ్వు ముందే చెప్పినావు" అన్నాడు. తలూపాను. భార్య పరువు కాపాడానని నాకు నేనే చెప్పుకున్నాను. నా నాలుక పరువు కూడా అందులో ఉందని మాత్రం అప్పుడు ఒప్పుకోలేదు.

రెండు రోజులకు నీలం డ్రమ్ముల్లో ఆసిడ్ దిగింది. వేడి తొట్టి కింద మళ్ళీ మంట పెట్టాం. నా భార్య కొంగు ముక్కుకు గట్టిగా కట్టుకొని మొదటి గేటు తగిలించింది. మధ్యాహ్నానికి దగ్గు మొదలైంది. సాయంత్రం రోడ్డు వెంట నడుస్తుంటే రెండుసార్లు నిలబడిపోయింది. వీపు రుద్దాను. ఊరట కలుగుతుందని, "పోనీలే, నీ పేరు బయట పడనీలేదు నేను" అన్నాను.

ఆమె కొంగుతో నోరు తుడుచుకొని నన్ను చూసింది.

"నా పేరు కాపాడమని నిన్నెవరడిగినారు? నాతో ఒక్క మాట అన్నావా?"

"దొంగ అని అందరి ముందరా అనిపించమంటావా?"

"అనిపిచ్చింటే ఏమవుతాండె? నన్నొక్కదాన్నే పంపిచ్చేసుంటాడు. మందు ఉంటాండె. దొంగ అనే పేరు నేను మోస్తాంటి. ఊపిరన్నా ఆడతాండె కదయ్యా నాకు."

లారీలు పోతున్నాయి. ఇన్ని రోజులూ ఎవరిని కాపాడాలా అని అటూ ఇటూ ఆలోచించాను గానీ, ఆమెను అడగాలనే ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు. ఆమె మళ్ళీ దగ్గుతూ ముందు నడిచింది. మరుసటి రోజు ఎనిమిదింటికి ఇద్దరం కలిసే షెడ్డుకు పోయాం.