కవరు రంగు మారినప్పుడు

మా అంగడిలో పుట్టి పెరిగినవాళ్లు కవరు మీద అక్షరాలు చూడరు, రంగు చూస్తారు. ఎర్ర కవరు టీపొడి, తెల్ల కవరు ఉప్పు, నీలం కవరు సబ్బుపొడి. మా నాయన నాకు నేర్పిన వ్యాపారం అదే. చెయ్యి ముందు పోవాలి, కన్ను వెనకాల రావాలి. కవరు చదివి తీసే లోపల గిరాకీ పక్క అంగడికి పోతుంది.

అందుకే నాలుగో తరగతిలో ఉన్నప్పుడు నా కూతురు అడిగిన సరుకు అడిగినట్టు తెచ్చిస్తుంటే మురిసిపోయాను. "ఇంగ్లీషు పేర్లు గూడా గడగడా సదివి తెస్తాది" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాను. సరుకును ఒక పాలు ఎక్కువ చేసి చెప్పడం మాకు అలవాటే. కూతుర్నీ వదల్లేదు.

దాని ఐదో తరగతి మొదలైన కొత్తలో సబ్బుపొడి కంపెనీవాళ్లు నీలం కవరు తీసేసి పసుపు కవరు వేశారు. పేరు అదే, అక్షరాలు అంతే పెద్దవి. మా వీధి చివరి అవ్వ వచ్చి సబ్బుపొడి అడిగింది. బిడ్డ అలమర ముందు ఆ కొస నుంచి ఈ కొసకు నడిచింది. ప్యాకెట్లు దాని ముక్కు ఎదుటే ఉన్నాయి.

"అయిపోయినట్టుండాది నాయనా."

"కండ్లు యాడ పెట్టుకున్నావే? నీ ముందరే ఉండాది సూడు."

"యాడ?"

అవ్వ పోయాక ప్యాకెట్టు చేతికిచ్చి చదవమన్నాను. అది ప్యాకెట్టు చూడలేదు, నా మొహం చూసింది. బేరంలో ఎదుటివాడి మొహం చూసి ధర ఊహిస్తామే, అట్లా ఒక్కో పేరూ చెప్పి చూసింది. తెలుగు పుస్తకం తెమ్మన్నాను. పాఠం బాగా ఒప్పజెప్పింది. మధ్యలో పుస్తకం మూసేశాను. పాఠం ఆగలేదు.

పక్కవీధిలో టీచరు ట్రైనింగు ముగించి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న ఒకమ్మాయి ట్యూషన్ చెబుతోంది. మా ఇంటామె తరిమితే పోయాను. ఊరకే ఒప్పుకుంటే నేను నేనెట్లా అవుతాను? బండి మీద నుంచి పడి మణికట్టు విరిగినప్పుడు, పుత్తూరు కట్టు కట్టే ఆయనతో "ఒక చెయ్యే గదప్పా, రెండు చేతుల రేటు సెప్తావేంది" అని ఏడుస్తూనే బేరమాడినవాణ్ణి.

"సదవడంతో పాటు లెక్కలు, ఇంగ్లీషు గూడా సెప్పమ్మా. కొసరనుకో."

"కొసరు లేదన్నా," అందా అమ్మాయి, నేను పట్టుకుపోయిన బిడ్డ పరీక్ష పేపర్లు తిరగేస్తూ. "లెక్కలు బిడ్డకు వచ్చు. నీ అంగట్లో నోటితో సెప్పేస్తాది గదా. పరీక్షలో లెక్క ఏమడిగినారో సదవలేక వదిలేస్తా ఉండాది. ఆరో తరగతికి పోతే అన్నీ పెద్ద పాఠాలు. అప్పుడు ఎవురూ కూర్చోబెట్టి అక్షరాలు సెప్పరు. ఈ యేడే నేర్సుకోవాల."

"ఎన్నాళ్లు పడతాది?"

"బిడ్డనడుగు. నన్నడిగితే నేనేం సెప్పేది?"

బేరంలో ఓడిపోయి ఇంటికొచ్చాను.

ఆ అమ్మాయి రెండో తరగతి కథల పుస్తకంతో మొదలుపెట్టింది. తోటి పిల్లలకు కనబడకుండా నా కూతురు దానికి న్యూస్‌పేపరు అట్ట వేసుకుంది. లైను కింద వేలు పెట్టి చదవాలి. ఊహించి చెబితే ఆ అమ్మాయి తిట్టేది కాదు, బొమ్మ మీద అరచెయ్యి అడ్డం పెట్టేది. "బొమ్మ నాది, అక్షరం నీది. ఇప్పుడు సెప్పు" అనేది. నెలలు గడిచాయి. ఒకసారి బస్సులో తిరుపతికి పోతుంటే, బిడ్డ కిటికీ పక్కన కూర్చుని బోర్డులు చదవడం మొదలుపెట్టింది. "బ... ట్ట... ల..." అనేసరికి బస్సు ఆ అంగడి దాటిపోయింది. అది ఇంకో బోర్డు పట్టుకుంది. ట్రాఫిక్‌లో ఇరుక్కోవాలని నేను కోరుకున్నది జన్మలో ఆ ఒక్కరోజే.

వేసవి రాకముందే ఆ అమ్మాయికి శ్రీ సిటీలో ఫ్యాక్టరీ ఉద్యోగం వచ్చింది. తెల్లారే బస్సొచ్చి ఎక్కించుకుపోతుంది. మళ్లీ బేరానికి పోయాను.

"మా ఇల్లు గూడా గడవాల గదన్నా," అంది.

"ఆదివారమన్నా సెప్పమ్మా."

ఒప్పుకుంది. కొన్ని ఆదివారాలు జరిగాక బిడ్డ తొందరగా తిరిగొచ్చింది.

"అక్క పుస్తకం మీదనే నిద్రపోయింది నాయనా. నేను లేపల్యా."

ఆ తర్వాత మేమూ పంపలేదు.

నేనే చెబుదామని గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టుకున్నాను. అర లైను చదివేలోగా ఎవరో పావుకిలో కందిపప్పు అడుగుతారు. తిరిగొచ్చేసరికి వేలు లైను తప్పి ఉంటుంది. నేను అరుస్తాను, అది నా మొహం చూసి ఊహించడం మొదలుపెడుతుంది. చివరికి అందరూ పంపే ట్యూషన్ సెంటరుకే పంపాం. ప్రశ్నలూ జవాబులూ బట్టీ పట్టిస్తారు. మార్కులు పెరిగాయి. బస్సులో బోర్డుల వైపు చూడటం మానేసింది. అట్ట వేసిన కథల పుస్తకం అలమర కింద చింతపండు బస్తా వెనకాల దొరికింది.

ఇప్పుడు ఆరో తరగతి. మొన్న అవ్వ మళ్లీ సబ్బుపొడికి వచ్చింది. బిడ్డ చెయ్యి నేరుగా పసుపు కవరు మీదికి పోయింది.

"ఎంత బాగా సదివి తెస్తాదప్పా నీ కూతురు!" అంది అవ్వ.

నేను ప్యాకెట్టు సంచిలో వేసి, చిల్లర లెక్కబెట్టి ఇచ్చాను. అవ్వ మెట్లు దిగేదాకా బిడ్డ ఆగింది.

"నాయనా, ఈ రంగు మళ్లా మారుస్తారా?"

"మార్చర్లే," అన్నాను.