పద్మాపూర్ పెట్టె

2007లో, ఎండలు ముదురుతున్న రోజులు. చంద్రపూర్‌లో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో నేను నెట్‌వర్క్ టెక్నీషియన్‌ని. ఆ ఏడే మా కాలేజీకి వైర్‌లెస్ వచ్చింది. తీగ లేకుండా ఇంటర్నెట్ వస్తుందంటే లెక్చరర్లు కూడా నమ్మలేక గోడల వంక చూసేవాళ్లు. సెలవుల్లో హాస్టళ్లు ఖాళీగా ఉన్నప్పుడు వరండాల్లో తెల్లటి చిన్న డబ్బాలు బిగించాం. వాటిని యాక్సెస్ పాయింట్ అంటారు. రేడియో స్టేషన్ లాంటిదే, కాకపోతే అది చెప్పడమే కాదు, మనం చెప్పింది వింటుంది కూడా. ప్రతి వైర్‌లెస్ అడాప్టర్‌కీ పుట్టుకతో ఒక నంబరు ఉంటుంది. దాని పేరు మ్యాక్ అడ్రస్. ఆ నంబరు మా సర్వర్‌లో ఎక్కిస్తేనే కంప్యూటర్‌ని లోపలికి రానిస్తుంది. ఎక్కించే పని నాది. పిల్లలు రేషన్ షాపు ముందు నిలబడ్డట్టు నా గది ముందు నిలబడేవాళ్లు. నాకేమో కోపం ముక్కు మీదే ఉండేది.

ఆ వరసలో ఒకరోజు రూత్ వచ్చింది. ఫైనల్ ఇయర్ అమ్మాయి. తండ్రి యేసుదాసు ఊరికి దగ్గర్లోని పద్మాపూర్‌లో బొగ్గు గని వర్క్‌షాపు ఫిట్టర్. కూతురు గని క్వార్టర్లు దాటి హాస్టల్‌లో చదువుకుంటోందంటే ఆయనకు అదే పెద్ద పండగ. ఆమె ప్రాజెక్టు కూడా గని గురించే. గనిలో ఎక్కడ ఎంత దుమ్ము లేస్తోందో పైన ఆఫీసులో కూర్చున్నవాళ్లకు తెరమీద కనిపించే ప్రోగ్రామ్ అది. అది నడవాలంటే ఆమె కంప్యూటర్ కాలేజీ సర్వర్‌తో మాట్లాడాలి. పగలంతా ల్యాబ్‌లో ప్రాక్టికల్స్, సాయంత్రం కాగానే అమ్మాయిలకు ల్యాబ్ బంద్. కాబట్టి హాస్టల్ గదిలోనే పని ముగించాలి. సోమవారం బయటి నుంచి ఎగ్జామినర్ వస్తాడు. ఆ రోజు చూపించకపోతే వచ్చే ఏడాది మళ్లీ రావలసిందేనని గైడ్ ముందే చెప్పేశాడు.

సీపీయూని దుప్పట్లో చుట్టి, రిక్షాలో పెట్టుకొచ్చింది. వెనకాల వేలెడంత యూఎస్‌బీ అడాప్టర్, అంటే గాల్లోంచి సిగ్నల్ అందుకునే ముక్క. నంబరు ఎక్కించాను, పాస్‌వర్డ్ పెట్టాను. వెంటనే కలిసింది. రూత్ నవ్వుతూ వెళ్లింది. మర్నాడు అదే దుప్పటి, అదే రిక్షా.

"సర్, మీ దగ్గర మంచిగ నడిచింది. రూమ్‌కు తీస్కపోంగనే సిగ్నల్ వస్తలేదు."

డ్రైవర్ తీసి మళ్లీ వేశాను. డ్రైవర్ అంటే అడాప్టర్ భాషని కంప్యూటర్‌కి తెలియజెప్పే ప్రోగ్రామ్. నా బల్ల మీద మళ్లీ చక్కగా పనిచేసింది. గదిలో మళ్లీ మొండికేసింది. పోనీ హాస్టల్ డబ్బాలోనే లోపం ఉందా అంటే, పక్క గది అమ్మాయి ల్యాప్‌టాప్‌కి సిగ్నల్ నిండుగా వస్తోంది. హాస్టల్ ఆయా చేత యాక్సెస్ పాయింట్ మార్పించాను, చానెల్ మార్చాను, చివరికి నా బుర్ర మార్చుకోవడం ఒక్కటే మిగిలింది.

"నువ్వే ఏదో నొక్కుతున్నావు" అన్నాను విసుగ్గా.

"నేనేం ముట్టలె సర్. మీరు పెట్టినట్లనే ఉంది." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇది ఆడకపోతే నా సాల్ పోతది సర్, మళ్ల ఏడాది రావాలె. నాన్న ఆడ అందరికి చెప్పుకున్నడు."

నా విసుగు అక్కడే చప్పబడింది. గది చూడకుండా ఈ రోగం కుదరదని అర్థమైంది. కానీ అమ్మాయిల హాస్టల్‌లోకి మగవాడు అడుగు పెట్టాలంటే ఆదివారమే కావాలి, అమ్మాయి తండ్రి పక్కనుండాలి, వార్డెన్ ముందు నడవాలి. ఆదివారం వచ్చింది. వార్డెన్ మేడమ్ మరాఠీ ఆవిడ. వరండా పొడుగునా "మాణూస్ యేతోయ్! మాణూస్!" అని కేకేస్తూ నడిచింది, మగమనిషి వస్తున్నాడని. రెండు పక్కలా తలుపులు ధడధడా మూసుకున్నాయి. పులి ఊళ్లోకొచ్చినా అంత హడావుడి ఉండదు. నా వెనకాల యేసుదాసు, చేతిలో టిఫిన్ క్యారియర్.

"ఏంది సారు, గింత సదువుకున్నోళ్లు గీ డబ్బ ఎందుకు ఆడ్తలేదో చెప్పలేరా?" అన్నాడు. నిష్ఠూరంగా కాదు, భయంగా.

గదిలో బల్లమీద మానిటర్ కనిపించింది. సీపీయూ కనిపించలేదు.

"సీపీయూ ఏదమ్మా?"

రూత్ బల్ల కిందికి చూపించింది. అక్కడ ఆకుపచ్చ రంగు వేసిన ఇనప రేకు పెట్టె ఉంది. ముందు తలుపు, దానికి గొళ్లెం, తాళం. గాలి ఆడడానికి పక్కల సన్నని ఇనప జాలీ, దాని లోపల పల్చని గుడ్డ, వెనక చిన్న ఫ్యాన్. వైర్లు వచ్చే కంతకి కూడా అవి పట్టేంత మేరకే రబ్బరు బిగించి ఉంది. ఒక్క అతుకూ వంకరగా లేదు. చేసింది ఎవరో అడగనక్కర్లేదు, యేసుదాసు దాని పక్కన నిలబడ్డ తీరే చెబుతోంది.

"ఈ పెట్టె సంగతి నాకు చెప్పలేదేం?"

రూత్ బిత్తరపోయింది. "మా క్వార్టర్లల్ల అందరి ఇంట్ల టీవీకి పెట్టె ఉంటది సర్. గా సంగతి గూడ చెప్పాల్నా?"

"బొగ్గు దుమ్ము సారు" అన్నాడు యేసుదాసు. "ఎండకాలం వస్తే మా దిక్కు అన్నంల గూడ పడ్తది, గాలికి ఈడిదాంక వస్తది. ఉత్తగ పెడితే ఏ మిషిన్ బతకది."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చంకలో పిల్లాణ్ని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని. ఆ పెట్టె దుమ్ముని ఆపుతున్నంత బాగానే సిగ్నల్‌నీ ఆపుతోంది. ఇనప రేకు, ఇనప జాలీ దాటి రేడియో అల వెళ్లలేదు. నా దగ్గరకి తెచ్చేటప్పుడు బరువని పెట్టె గదిలోనే వదిలి వచ్చేది, అందుకే నా బల్ల మీద అంతా బాగుండేది.

మాటలతో చెప్పకుండా తలుపు తెరవమన్నాను. తెరిచాడు. తెరమీద సిగ్నల్ గీత ఒకటి లేచింది. మూయమన్నాను. పోయింది. ఆయన మళ్లీ తెరిచాడు, మళ్లీ మూశాడు. మూడోసారి తలుపు మీద చెయ్యి అలాగే ఉంచేశాడు.

"అంటే నేనే నా బిడ్డకు అడ్డం పెట్టిన్నా సారు?"

నేను తల అడ్డంగా ఊపాను. "ఈ పెట్టె లేకపోతే మీ కంప్యూటర్ ఈపాటికి షెడ్డుకి పోయేది. పెట్టె ఉండాలి, అడాప్టర్ మాత్రం బయట ఉండాలి" అన్నాను. నా సంచిలో యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ ఉంది. ఒక కొస సీపీయూకి, రెండో కొస అడాప్టర్‌కి. అది బయటికి రావడానికి ఇంకో కంత కావాలి, అంతే.

'అంతే' అన్న మాట వినగానే ఆయన మనిషే మారిపోయాడు. మెస్సు దగ్గర కొత్త గది కడుతున్నవాళ్లని అడిగి డ్రిల్లు తెచ్చాడు. గేటు ఎదురుగా సైకిల్ షాపులో పాత ట్యూబు ముక్క అడిగి, రేకు అంచు కేబుల్‌ని కొయ్యకుండా కంత చుట్టూ తొడిగాడు. దుమ్ము దూరే సందు ఎక్కడైనా ఉందేమోనని వేలితో తడిమి చూశాడు. అడాప్టర్‌ని కిటికీ చువ్వకి కట్టి, పెట్టె తలుపు మూసి, తాళం వేశాం. గీతలన్నీ నిండుగా లేచాయి. రూత్ ప్రోగ్రామ్ తెరిచింది. సర్వర్ పలికింది. తెరమీద గని పటం, దానిమీద దుమ్ము లేచే చోట్ల ఎర్ర చుక్కలు.

"గదిగో నాన్న, మీ వర్క్‌షాపు" అని చూపించింది. యేసుదాసు కండువాతో ముఖం తుడుచుకున్నాడు. ఇక వార్డెన్ మేడమ్ కూడా "మాణూస్ మాణూస్" అని తొందర పెట్టలేదు, మా అందరికీ చాయ్ తెప్పించింది.

సోమవారం రూత్ ప్రాజెక్టు నడిచింది. ఎగ్జామినర్ ప్రశ్నల మీద ప్రశ్నలు వేశాడట, అన్నిటికీ జవాబిచ్చిందట. ఏడాది పోలేదు.

అప్పటినుంచి ఎవరు వచ్చి నెట్ రావడం లేదన్నా, ముందు సెట్టింగులు అడగడం మానేశాను. కంప్యూటర్ ఎక్కడ పెట్టారు, ఎలా పెట్టారు, ఎందుకలా పెట్టారు అని అడుగుతాను. మనిషి తనకి మరీ అలవాటైన సంగతిని తనంతట తాను చెప్పడు, మనమే అడగాలి. ఇది నాకు ఏ పుస్తకమూ నేర్పలేదు.

ఆ ఆదివారం వెళ్లిపోతూ యేసుదాసు పెట్టె మీద చెయ్యి వేసి, "పెట్టెది తప్పు లేదు సారు, కంత లేకపోవుడే తప్పు" అన్నాడు. మరుసటి ఏడాది పద్మాపూర్ నుంచి కొత్త పిల్లలు హాస్టల్‌లో చేరారు. వాళ్ల వెంట రేకు పెట్టెలూ వచ్చాయి. ప్రతి పెట్టెకీ వెనక ఒక కంత అదనంగా ఉంది, దానికి సైకిల్ ట్యూబు రబ్బరు తొడిగి ఉంది.