సగం ప్రాణం రాసిన కాగితం

పంతొమ్మిది వందల డెబ్భైల చివర నాంపల్లిలో ఉన్నప్పుడు, మనవరాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద రాక్షసులతో పోరాడే ఆట పుస్తకం ఒకటి కొన్నది. ఒకనాడు అందులో కాగితం కనబడింది. నా రెండేళ్ళ చదువుతో కూడబలుక్కున్నాను: పిల్ల పేరు, కత్తి, మంత్రం, ప్రాణం నాలుగు. ఎవరో చేతబడికి రాయించారనుకున్నాను. కాలుద్దామంటే పేరుతో పాటు పిల్లకేమవుతుందోనని భయం.

"ఏందే గిది?"

"ఆటల నేనాడే మనిషి, నానమ్మా. ప్రాణమంటే ఎన్ని దెబ్బలకు ఓరుస్తదో గా లెక్క. గింతకే వణుకుతవా? కత్తి, మంత్రం రెండు విద్యలు నేర్చినోళ్ళకు ప్రాణం సగమే. రూలు గంతే."

"ఒక్కటే నేరిస్తే?"

"ఎనిమిది."

"అయితే మంత్రం కొట్టెయ్. ఎనిమిది రాయి."

నవ్వుతూ కొత్త కాగితం తీసింది. దండగెందుకని పాతదాని మీదే దిద్దించాను. కొట్టేసిన గీత కింద ఆ నాలుగు ఇంకా కనబడుతూనే ఉంది.