పెదవులు కదిపితే చాలు

నేను నెల్లిమర్లలో తొమ్మిదో తరగతి చదువుతుండగా, పట్నం నుంచి ఒక గాయకబృందం మా బడికి వచ్చి వారంరోజులు బృందగానం నేర్పింది. మా అందరిలోకీ మంచి గొంతు జూట్‌మిల్లు కూలీ కూతురిది. ప్రదర్శన రోజు పొద్దున్న బృందం పెద్దాయన పాట మధ్యలో ఆమెను ఆపాడు.

"'చల్లని' అనలేవా? 'సల్లని' ఏమిటి, అసహ్యంగా! సభలో పెదవులు కదుపు చాలు, గొంతు వినిపించకూడదు."

"మేవందరం ఇలాగే మాటాడతాం కదండీ, నానొక్కర్తినే ఏటి సేసినాను?" అందామె.

ఇంట్లో నేనూ 'సల్లని' అనేదాన్నే. ఆ సంగతి చెప్పకుండా సాయంత్రం గొంతెత్తి పాడాను. ఆమె నా పక్కనే ఉత్త పెదవులు కదుపుతూ నిలబడింది.

సభ అయ్యాక పెద్దాయన, "ఉచ్చారణ బాగుంది" అని నా భుజం తట్టాడు. ఆయన మీద కన్నా నా మీదే నాకు ఎక్కువ రోత పుట్టింది.