రోజూ ఒకటే మంచి సంగతి

మణుగూరు రోడ్డు మీద వానకు తడిసిన బొగ్గు లారీ పక్కనుంచి పోతే, ఆ వాసనకు నాకు మా మూడో తరగతి టీచర్ యాదికొస్తది.

రోజూ పొద్దున ఆమె ఒక్కొక్కరిని ఒక మంచి సంగతి చెప్పమని అడిగి, బోర్డు మీద రాసేది. నాది ఎప్పుడూ ఒకటే.

"మా నాయిన బొగ్గుబాయిల నైట్ డ్యూటీ చేసి ఇంటికొచ్చిండు, టీచర్."

పిల్లలంతా నవ్వేటోళ్లు. రోజూ అదే చెప్తే తప్పేమోనని భయపడి, ఒకనాడు అబద్ధమాడిన.

"నెమలిని చూసిన, టీచర్."

ఆమె చాక్‌పీసు ఆగింది. దగ్గరికొచ్చి, వంగి మెల్లగా అడిగింది.

"మీ నాయిన ఇంటికొచ్చిండా, బిడ్డా?"

"అవ్, టీచర్. పండుకున్నడు."

ఆమె నా తల నిమిరి, పోయి బోర్డు మీద అదే రాసింది.

నా నెమలిని రాయలేదని ఆ దినమంతా అలిగిన. మా అమ్మ లెక్కనే, నాయిన బాయిల నుంచి పానంతోటి బయటికొచ్చిండన్న మాట కోసం పొద్దుగాల ఎదురుచూసే మనిషి బడిల ఇంకొకామె ఉన్నదని నాకప్పుడేం ఎరుక!