లక్ష్మయ్య బాపును ఏమడగాలో తెలియనివాళ్ళు

దగ్గరికి జరిగి కూర్చోండి, చెవి ఇటు పెట్టండి. ఇవాళ ట్రంకుపెట్టె తెరిస్తే ఇంటి కాగితాల మధ్య ఎండు వేపాకు రాలింది. ఆ చేదు వాసనకు, చెదపట్టకుండా కట్టల్లో వేపాకు పెట్టే లక్ష్మయ్య బాపు గుర్తొచ్చాడు. ఆయన వెంటే నలభై ఏళ్ళ నాటి కోపమూ లేచి కూర్చుంది.

చార్మినార్ వెనక సందులో పాత కాగితాలు దాచే సర్కారు దఫ్తరు ఒకటుండేది. గౌలిపుర నుంచి నడిచిపోయి అక్కడ ఊడ్చేదాన్ని, చాయ్ అందించేదాన్ని. నేను బాపు అని పిలిచే లక్ష్మయ్య అక్కడే రోజుకూలీ మీద కాగితాల కట్టలు కట్టేవాడు. నిజాం కాలపు గొలుసుకట్టు ఉర్దూ రాతను గలగలా చదివేవాడు. కట్ట విప్పితే ఏ కాగితం కింద ఏదుందో తిరిగి అలాగే పెట్టేవాడు. నేనొకసారి పెద్దవి కింద, చిన్నవి పైన సర్దబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు బిడ్డా. గివి ఒక్క ఇంటోళ్ళ లెక్క కలిసుంటయి. పక్కదాన్ని చూస్తెనే గిది ఎవరిదో ఎర్కయితది."

ఆ ఏడు రికార్డు కీపరు నౌకరీ పడింది. బాపు పర్మినెంటు కావడానికి దారి అదొక్కటే. ఇంటర్వ్యూ నాడు చాయ్ పట్టుకొని నేనూ లోపలికి పోయాను.

"డిగ్రీ ఉందా?" అన్నాడు పెద్ద సారు.

"లేదు సార్. ఉర్దూల ఏడో జమాత్."

"టైపింగ్?"

"రాదు సార్. ఒక్క పాత కాయితం ఇచ్చి చదువుమనుండ్రి."

సారు నవ్వాడు. "చదవడానికి కాదయ్యా, ఆఫీసు నడపడానికి మనిషి కావాలి."

కాగితాలు దాచే చోట చదవడం దేనికట!

నౌకరీ డిగ్రీ ఉన్న ఇంకొకాయనకు ఇచ్చారు. మనిషి చెడ్డవాడు కాదు, కానీ ఆ రాతలో ఒక్క ముక్క రాదు. మొదటి వారమే కట్టలన్నీ విప్పి, అంచులు సమంగా కనబడాలని కాగితాలను సైజులవారీగా సర్దేశాడు. పెద్ద సారు అల్మారాలు చూసి మురిసిపోయాడు.

నెల తిరగకముందే సైదాబాద్ నుంచి ఒకావిడ ఇంటి హక్కు కాగితం కోసం వచ్చింది. కోర్టు పేషీ దగ్గరపడింది. కొత్తాయన వెతికి "లేదమ్మా" అనేశాడు. ఆమె మెట్ల మీద కూలబడింది. బాపు నీళ్ళిచ్చి, "మీ మామ పేరేంది అక్కా? పక్కింటోళ్ళు ఎవరు?" అని అడిగాడు. నాలుగు రోజులు నేల మీద కూర్చొని, చెదిరిన కాగితాలను ఒక్కొక్కటే జతచేసి, ఆమెది బయటికి తీశాడు. సంతకం పెట్టి ఇచ్చింది కొత్తాయన. పెద్ద సారు భుజం తట్టిందీ ఆయన్నే.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నోరు లేదా బాపూ? నేనే తీసిన అని చెప్పవేంది?"

"లొల్లి తర్వాత చేద్దువు గాని బిడ్డా. అల్మారల నిండ గట్లనే కలిసిపొయ్యి ఉన్నయి. అండ్ల ఎవరి ఇల్లు ఇరుక్కున్నదో! జర ఆ దారం అందియ్యి."

దారం అందించాను. కోపం మాత్రం ఇప్పటికీ దింపుకోలేదు. చివరిదాకా ఆయన రోజుకూలీయే. ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు ఒక్క కాగితం ఆయన చేతిలో పెట్టి, ఎట్లా పట్టుకుంటాడో చూసుంటే చాలేది! మెట్ల మీద ఏడ్చే మనిషిని ఎట్లా పలకరిస్తాడో చూసుంటే చాలేది!

మీ ఇంటి కాగితాలు చెదపట్టకుండా ఉండాలి. వాటికోసం మీరు ఏ గడప తొక్కినా, "కూసో అక్కా" అనే మనిషి మీకు ఎదురుపడాలి.